మనోడేగా, 160 ఇవ్వన్నా!

పొద్దున బెంగళూరులో కుందలహళ్లి గేట్ నుంచి మారతహళ్లి బ్రిడ్జి దాకా ఆటో అడిగా. గట్టిగా మూడు కిలోమీటర్లు. 180 అన్నాడు. మీటర్ వెయ్యమంటే కిడ్నీ అడిగినట్టు చూశాడు. ఈలోపు ఇంటి నుంచి ఫోనొస్తే తెలుగులో మాట్లాడా. వెంటనే మొహం వెలిగింది. "మాది మదనపల్లె అన్నా, మనోడేగా, 160 ఇవ్వు!" భాషాభిమానం ఖరీదు అక్షరాలా ఇరవై రూపాయలు.

2025 ఆగస్టు 1 నుంచి ఇక్కడ రేటు మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18. అంటే నేనివ్వాల్సింది 54. ఈ రేటు పెంచడానికి యూనియన్లతో మీటింగులు పెట్టారు, ఫైలు కదిలింది, ఆర్డరొచ్చింది. మంచిదే, గ్యాసూ కిస్తులూ వాళ్లకీ ఉంటాయి. ఎక్కేవాళ్ల తరఫున నన్నైతే ఎవరూ పిలవలేదు. వాళ్లకి యూనియన్ ఉంది. నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుంది, అందులో కుక్కల గొడవ తప్ప ఏం ఉండదు.

బైక్ ట్యాక్సీల కథైతే ఇంకా బాగుంటుంది. 2021లో ఎలక్ట్రిక్ బైక్ ట్యాక్సీ స్కీమ్ తెచ్చింది కర్ణాటక సర్కారే. ఆటోవాళ్లు రోడ్డెక్కారు. 2024 మార్చిలో స్కీమ్ తీసేసింది కూడా సర్కారే. 2025 ఏప్రిల్‌లో హైకోర్టేమో, ప్రభుత్వం రూల్స్ పెట్టేదాకా నడపొద్దంది. జూన్ 16 నుంచి బళ్లు ఆగాయి. మరి ఆ రూల్స్ రాయాల్సిందెవరు? స్కీమ్ తీసేసినవాళ్లే! పెన్ను ముట్టకుండా కూర్చోవడం కూడా ఒక పాలసీయేనని నాకప్పుడే తెలిసింది.

అదే పెద్ద కంపెనీలకు కడుపు నొప్పొస్తే చూడండి. 2024 జూలైలో ప్రైవేటు ఉద్యోగాల్లో లోకల్ కోటా బిల్లుకి కేబినెట్ ఓకే చెప్పింది. మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ అరిచింది, కంపెనీల పెద్దలు అరిచారు, రెండ్రోజుల్లో బిల్లు అటకెక్కింది. ఆ రోజు నేనూ ఊపిరి పీల్చుకుని స్టేటస్ పెట్టా, అబద్ధం ఎందుకు. 2019లో మన ఆంధ్రాలో 75 శాతం లోకల్ కోటా చట్టం చేస్తే చప్పట్లు కొట్టింది కూడా నేనే. సరే, అది వేరే విషయం.

అసలు నా కడుపుమంట ఆటో మీద కాదు, బస్సుల మీద. 2024 మే 13న ఓటెయ్యడానికి ప్రొద్దుటూరు పోతే ప్రైవేటు బస్సువాడు మూడింతలు గుంజాడు. పోయేది మన కడప జిల్లాకి, నంబర్ ప్లేటేమో నాగాలాండ్‌ది! ఆర్టీఏ వాళ్లకి కనపడదా? కనపడుతుంది. బస్సుల ఓనర్లే ఎంపీలూ ఎమ్మెల్యేలూ అయిన రాష్ట్రం మనది, ఎవరు ఎవర్ని ఆపాలి? మూడింతలిచ్చి పోయి, మళ్లీ వాళ్లకే గుద్దొచ్చాం.

ఇక్కడేమో నాకు ఓటు లేదు, కాబట్టి ఈ ఎమ్మెల్యేకి నేను మనిషిని కాదు. కార్పొరేటర్‌ని అడుగుదామా అంటే 2020 సెప్టెంబర్‌లో కౌన్సిల్ గడువు ముగిసింది, తర్వాత ఐదేళ్లు దాటినా ఎన్నికలే పెట్టలేదు. మా వీధి మోరీ గురించి చెప్పుకోవడానికి ఆఫీసర్లే దిక్కు. వాళ్ల పేరు మనం నేర్చుకునేలోపు ట్రాన్స్‌ఫర్.

160 ఇచ్చా, ఏం చేస్తాం. దిగుతుంటే అన్నాడూ, "సంక్రాంతికి ఊరికి టికెట్ కావాలంటే చెప్పన్నా, మా బావమరిది ట్రావెల్స్‌లోనే ఉన్నాడు."