‘బీస్ట్స్ ఆఫ్ ద సదరన్ వైల్డ్’ కేజన్‌ల నిజజీవిత కథ కాదు

2012లో వచ్చిన ‘బీస్ట్స్ ఆఫ్ ద సదరన్ వైల్డ్’ సినిమా గురించి ఒక మాట బాగా షేర్ అవుతోంది. ఇది అమెరికాలోని లూసియానాలో కేజన్‌లు (ఫ్రెంచి సంతతివాళ్లు) ఉండే ఒక దీవి నిజజీవిత కథ అట. వాతావరణ మార్పుతో దీవి మునిగిపోతున్నా అక్కడివాళ్లు మొండిగా కదలడం లేదట. ఈ సినిమా అంటే నాకు చాలా ఇష్టం. అందుకే ఈ మాటలు చూస్తూ ఊరుకోలేను.

నిజజీవిత కథ అన్నది మొదటి పొరపాటు. దీనికి మూలం లూసీ అలిబార్ రాసిన నాటకం. అందులో ప్రధాన పాత్ర అబ్బాయి. దర్శకుడు బెన్ జైట్లిన్‌తో కలిసి ఆమే దాన్ని హష్‌పప్పీ అనే చిన్న పాప కథగా మార్చింది. ‘బాత్‌టబ్’ అనే ఊరు కల్పితం. దానికి ప్రేరణ లూసియానాలోని టెరెబోన్ పారిష్ (జిల్లా లాంటిది)లో ఉన్న ఐల్ డి జీన్ చార్లెస్ దీవి. షూటింగ్ కూడా ఆ చుట్టుపక్కలే జరిగింది.

ఆ దీవివాళ్లు కేజన్‌లా? కాదు. 1755లో బ్రిటిష్‌వాళ్లు నోవా స్కోషియా నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి కేజన్‌లు. దీవిలో ఉన్నది బిలాక్సి, చిటిమాచా, చోక్టా మూలాలున్న ఆదివాసులు. తరతరాలుగా వాళ్లూ ఫ్రెంచి మాట్లాడారు కాబట్టి బయటివాళ్లు అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. సినిమాలో హష్‌పప్పీ, వాళ్ల నాన్న నల్లజాతివాళ్లు. వాళ్లనూ కేజన్‌లనేస్తే ఇక ఎవరి కథ మిగిలినట్టు?

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ‘వాతావరణ మార్పు వల్ల’ అన్న ముక్క. సముద్రం పెరుగుతోంది, నిజమే. కానీ ఆ నేలను నిలబెట్టింది మిసిసిపి నది తెచ్చిన ఒండ్రు. 1927 వరద తర్వాత నది పొడవునా కరకట్టలు గట్టిగా కట్టారు. దాంతో ఒండ్రు చిత్తడి నేలల్లోకి చేరకుండా నేరుగా సముద్రంలో పడుతోంది. దానికి తోడు చమురు, గ్యాస్ కంపెనీలు పడవల కోసం, పైపుల కోసం చిత్తడి నేలంతా కాలువలు తవ్వాయి. వాటిగుండా ఉప్పునీరు లోపలికి వచ్చి గడ్డినీ చెట్లనూ చంపింది. వేళ్లు పోయాక మట్టిని పట్టి ఉంచేదేముంది? 1955 నుంచి ఆ దీవి దాదాపు 98 శాతం నేల పోగొట్టుకుంది. ఒకప్పటి 22 వేల ఎకరాల్లో మిగిలింది సుమారు 320. తుపానుల నుంచి ఆ ప్రాంతాన్ని కాపాడటానికి తలపెట్టిన మోర్గాంజా కరకట్ట నుంచి కూడా ఖర్చు ఎక్కువని ఈ దీవిని వదిలేశారు. ఇది మనుషులు తీసుకున్న నిర్ణయం. సినిమాలోనూ బాత్‌టబ్‌ను అవతలి ప్రపంచం నుంచి వేరుచేసేది కరకట్టే, షేర్ చేసేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

ఇక మొండితనం. బలవంతంగా తరలిస్తే తప్పించుకుని వెనక్కి రావడం సినిమాలో ఉంది. అసలు దీవిలో కొందరు ఉండిపోవాలనుకున్న మాట నిజమే, పుట్టి పెరిగిన చోటు మరి. కానీ తెగ పెద్దలు 2000ల మొదట్నుంచే అందరూ కలిసి మరోచోటికి వెళ్లే దారి వెతికారు. 2016లో కేంద్ర ప్రభుత్వం 4.83 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఉత్తరాన సుమారు 40 మైళ్ల దూరంలో కట్టిన కొత్త ఊళ్లోకి మొదటి కుటుంబాలు చేరింది 2022లో. ఈలోగా 2021లో ఐడా తుపాను దీవిని ఊడ్చేసింది. పైగా రాష్ట్ర ప్రభుత్వం ఈ పథకంలో తమను పక్కకు నెట్టేసిందని తెగ పెద్దలే ఆరోపిస్తున్నారు.