పారేసే పన్ను మంచిదే, కానీ లోపలి కణం మాట వింటుందా?

పాలపళ్లలోని మూలకణాలతో, అంటే విభజించుకుంటూ వేరే రకాల కణాలుగానూ మారగలిగే కణాలతో, క్యాన్సర్ కణితికి మందు మోయించాలన్న ఆలోచన ఒకటుంది. ఊడిన పాలపన్ను లోపల ఒక్కోసారి ఎర్రటి మెత్తని కండ కొంచెం అంటుకుని ఉంటుంది. పరిశోధకుడు సాంగ్‌టావో షీ తన కూతురి పన్నులో గమనించింది దాన్నే. పెద్దవాళ్ల జ్ఞానదంతాల గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో తేల్చిన బృందంలో ఆయన ఒకరు. పాలపళ్లలోనూ ఉన్నాయని 2003లో చూపించారు. పన్నుకు పన్నెండు నుంచి ఇరవై కణాలే దొరికాయి. అయినా ల్యాబులో అవి చకచకా పెరుగుతాయి, ఎముక మజ్జ నుంచి మూలకణాలు తీసేటప్పుడు ఎముకలోకి సూది దించే బాధ ఇక్కడ ఉండదు.

ఇక క్యాన్సర్ సంగతి. కణితి ఒక మానని గాయం లాంటిది. గాయం దగ్గరికి చేరినట్టే ఈ కణాలు అక్కడి రసాయన సంకేతాలను పట్టుకుని కణితి వైపు కూడా వెళ్తాయి. అందుకే వాటితో మందు మోయిద్దామన్న ఆలోచన వచ్చింది. బ్యాక్టీరియా, ఈస్ట్‌లలో సైటోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, మన కణాల్లో ఉండదు. దాని జన్యువును మూలకణంలోకి ఎక్కిస్తారు. కణం కణితిని చేరాక ఫ్లూసైటోసిన్ అనే, ఫంగస్ జబ్బులకు వాడే మందు ఇస్తారు. ఎంజైమ్ ఉన్నచోట అది ఫ్లోరోయురాసిల్‌గా, అంటే డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న కీమో మందుగా మారి పక్క కణాల్లోకీ పాకుతుంది. మోసుకొచ్చిన మూలకణం కూడా దానికే చస్తుంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ చావే. ఎందుకంటే బతికి ఉంటే, గాయం మాన్పడానికి వచ్చిన కణం కొత్త రక్తనాళాలకు ఊతమిస్తుంది, ఇమ్యూనిటీ దూకుడు తగ్గిస్తుంది. కణితికి కావలసిందీ అదే! ఎముక మజ్జ మూలకణాలను రొమ్ము క్యాన్సర్ కణాలతో కలిపి ఎలుకల్లో పెడితే వ్యాధి ఇతర అవయవాలకు ఎక్కువగా పాకిందని 2007లోనే తేలింది. పంటి కణాలదీ ఇంచుమించు అదే జాతి. పైగా నరంలోకి ఎక్కించినవాటిలో చాలా భాగం ముందు ఊపిరితిత్తుల్లోనే ఇరుక్కుపోతాయి. కణితి దాకా వెళ్లేవి ఎన్ని, పని అయ్యాక మిగిలేవి ఎన్ని? ఈ లెక్కలు తేలకుండా పన్ను ఎంత తేలిగ్గా దొరుకుతుందో చెప్పుకోవడం నాకు వంట మానేసి గిన్నెలు తోముకోవడంలా అనిపిస్తుంది.

పిల్లల పళ్లను దాచిపెట్టే బ్యాంకుల ప్రకటనలు మాత్రం ఆ తేలికనే అమ్ముతున్నాయి. ఫ్రీజర్లో ఉండే కణానికి ఏ జన్యువూ ఎక్కించి ఉండదు. దానితో చేసే క్యాన్సర్ చికిత్స ఏదీ ఇంకా ఆమోదం పొందలేదు. రేపు పొందినా అది సొంత పన్నే కావాలన్న నియమమేమీ లేదు, ఇంకొకరి కణాలతోనూ ప్రయత్నించవచ్చు.