బీపీ మాత్ర ఎందుకు మానేశారో చెప్పండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపే ఆరోగ్య శిబిరాల్లో బీపీ చూసే బల్ల దగ్గర కూర్చునే వైద్యుడిగా నాకు బాగా పరిచయమైన సన్నివేశం ఒకటుంది. యాభై దాటిన పెద్దమనిషి భార్యతో కలిసి వస్తారు. చేతికి పట్టీ చుట్టి చూస్తే పై అంకె 170 ఉంటుంది, మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే వేసుకుంటున్నాననే అంటారు. ఆవిడ షుగరు పరీక్ష వరుసలోకి వెళ్లాక మాత్రం వెనక్కి వచ్చి, కుర్చీ ముందుకు జరుపుకొని, "డాక్టరుగారూ, ఆ మాత్ర మొదలుపెట్టాక సంసారానికి పనికిరాకుండా పోతున్నాను, అందుకే మానేశాను" అని గొంతు తగ్గించి చెబుతారు.

ఆయన అనుమానం నిరాధారమైనది కాదు. ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రం ద్వారా పంపించే థయజైడ్ మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి పాత బీటా బ్లాకర్లు, స్పైరనోలాక్టోన్ అనే మందు కొందరు మగవారిలో అంగస్తంభనను దెబ్బతీస్తాయి. ఇండియా నుంచి తెప్పించుకునే మాత్రల అట్ట మీద పేరు చివర 'హెచ్' అని ఉంటే, సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ అనే థయజైడ్ మందు కూడా కలిసి ఉన్నట్టే. ఒక్క మాత్రలో రెండు మందులు మింగుతున్న సంగతి చాలామందికి తెలియదు.

అయితే భయం పాత్ర కూడా తక్కువేమీ కాదు. 2003లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 96 మంది మగవారికి అటెనొలాల్ ఇచ్చారు. ఏ మందో చెప్పనివారిలో సుమారు 3 శాతం మందికి, మందు పేరు మాత్రమే చెప్పినవారిలో 16 శాతం మందికి, ఈ ఇబ్బంది రావచ్చని కూడా చెప్పినవారిలో 31 శాతం మందికి అంగస్తంభన సమస్య వచ్చింది. రోగికి చెప్పకుండా దాచాలని నేననను. చెప్పేటప్పుడు దీనికి మార్గం ఉందని కూడా చెప్పి తీరాలంటాను. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఆమ్లోడిపిన్ వంటి మందులతో ఈ బెడద చాలా తక్కువ. బీటా బ్లాకరే అవసరమైతే నెబివొలాల్ ఉంది. మార్చవలసింది వైద్యుడే, ఎందుకంటే బీటా బ్లాకరును ఉన్నట్టుండి ఆపితే గుండెపోటు కూడా రావచ్చు. ఛాతీ నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవారు అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకుంటే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. చాలాసార్లు తప్పు మాత్రది కాదు, రక్తపోటుదే. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి, గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటాయి; అందువల్ల రక్తపోటు తెచ్చే పూడిక ప్రభావం ముందు అక్కడ కనిపించి, ఛాతీ నొప్పి కొన్నేళ్ల తరువాత రావచ్చు. సిగ్గుపడి ఆ మాట మింగేసిన మనిషి తన గుండె చేసిన హెచ్చరికను కూడా మింగేసినట్టే.

పిల్లల దగ్గరికి వచ్చిన తండ్రుల పరిస్థితి మరీ కష్టం. డాక్టరు ఇంగ్లీషులో అడిగినదాన్ని కూతురో కొడుకో తెలుగులో చెబుతుంటే ఏ తండ్రి నోరు విప్పగలడు? అమెరికాలో ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఫోనులోనైనా తెలుగు దుబాసీ కావాలని అడిగి, పిల్లలు కాసేపు బయట కూర్చోవాలి.

ఈసారి శిబిరంలో బీపీ బల్లకు ఒక తెర కట్టించమని కార్యవర్గాన్ని కోరాను. ప్రతి మగవారినీ రెండు నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ ప్రశ్న నేనే ముందుగా అడుగుతాను.