ఛారానగర్ నాటకం, స్టువర్టుపురం సినిమా

1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే యువకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. అతనిది ఖేరియా శబర్ తెగ. పోలీసులు ఆత్మహత్య అన్నారు. శవం కాలిపోతే సాక్ష్యం కూడా కాలిపోతుందని శబర్లకు తెలుసు. అందుకే ఒక బొమ్మను చితి మీద పెట్టి తగలబెట్టి, అసలు శవాన్ని ఇంట్లోనే పాతిపెట్టారు. తర్వాత మళ్లీ పోస్టుమార్టం జరిగింది. రచయిత్రి మహాశ్వేతా దేవి, ఆమెతో కలిసి పనిచేసే శబర్ల సంక్షేమ సమితి ఈ విషయాన్ని కలకత్తా హైకోర్టుకు తీసుకెళ్లారు. సీబీఐ దర్యాప్తు చేయాలని, భార్యకు పరిహారం ఇవ్వాలని కోర్టు తీర్పు చెప్పింది.

అదే ఏడాది ఆగస్టులో, దేశానికి ఆ చివరనున్న అహ్మదాబాద్‌లో, ఛారా తెగవాళ్లుండే ఛారానగర్ అనే బస్తీ కుర్రాళ్లు ఈ కథను నాటకంగా ఆడారు. వాళ్లలో ఎవరూ పురూలియా చూసినవాళ్లు కారు. వాళ్ల ఇంటి భాష భాంతూ, చుట్టూ వినిపించేది గుజరాతీ, నాటకం ఆడింది హిందీలో. చనిపోయినవాడిదేమో బెంగాల్. ఛారాలకూ శబర్లకూ చుట్టరికం లేదు, ఆచారాలూ కలవవు. ఉన్న పోలిక ఒక్కటే: బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వీళ్లను, వాళ్లను కూడా పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. 1952లో ఆ చట్టం పోయింది. స్టేషన్లలో అనుమానం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ నాటకం పేరే పెట్టుకుని పుట్టిన బృందం బుధన్ థియేటర్.

కళల ద్వారా సముదాయాల సాధికారత అనే మాట ఈమధ్య బాగా వినబడుతోంది. ఫౌండేషన్లు, ప్రభుత్వ శాఖలు, కార్పొరేట్ కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగాలు అందరూ వాడుతున్నారు. అంతర్ సాంస్కృతిక ప్రాజెక్టు అంటే సాధారణంగా జరిగేది మనకు తెలిసిందే. ఒక వేదిక, నాలుగైదు తెగల నృత్యాలు, తలపాగాలు, డప్పులు, చివర్లో అందరితో ఒక గ్రూప్ ఫోటో. ప్రతి బృందం తన ‘సంప్రదాయం’ తెచ్చి చూపించి వెళ్లిపోతుంది. బస్సు దిగిన మనిషి మళ్లీ అదే బస్సెక్కి అదే బస్తీకి వెళతాడు. పక్క బృందంతో టీ దగ్గర తప్ప మాటే ఉండదు.

ఛారానగర్‌లో మొదలైన తీరే వేరు. బరోడా యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేసి భాషా రిసెర్చ్ సెంటర్ పెట్టిన గణేశ్ దేవీ, మహాశ్వేతా దేవి 1998లో విముక్త జాతుల, అంటే ఆ చట్టం రద్దుతో దొంగల జాబితా నుంచి బయటపడ్డ తెగల, హక్కుల కోసం ఒక సంస్థను ప్రారంభించారు. ఆ పని మీదే ఛారానగర్ వెళ్లారు. అక్కడి యువకులు అడిగింది లైబ్రరీ. పుస్తకాలు వచ్చాయి, ఆ గదిలో చేరినవాళ్లలోంచే నటులు పుట్టుకొచ్చారు. వచ్చిన పెద్దలు “మీ జానపద కళ ఏదైనా చూపించండి” అని ఉంటే ఏమయ్యేది? బహుశా ఏటా ఒకసారి పిలిపించుకునే ఇంకో డాన్స్ ట్రూప్ తయారయ్యేది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. ఈ కుర్రాళ్లు మొదటి నాటకానికి తమ కథ తీసుకోలేదు. కావాలంటే తమ బస్తీలోనే బోలెడు ఉన్నాయి: కంచె వేసిన సెటిల్‌మెంట్‌లో తాతలు పడ్డ పాట్లు, మద్య నిషేధం ఉన్న రాష్ట్రంలో నాటుసారా కాచి బతకాల్సి రావడం, అర్ధరాత్రి రెయిడ్లు. వాళ్లు ఎంచుకున్నది మాత్రం తాము ఎన్నడూ చూడని ఒక బెంగాలీ అడవి మనిషి చావును. ఆ తర్వాత మహారాష్ట్రలో పోలీసుల చేతుల్లో చనిపోయిన పిన్యా హరి కాళే అనే పార్ధీ తెగ మనిషి కథనూ ఆడారు. తన బాధ చెప్పుకునేవాడిని లోకం ఫిర్యాదుదారుగానే చూస్తుంది. పక్కవాడి బాధను చెప్పేవాడు సాక్షి అవుతాడు, వాడి మాటకు ఇంకో బలం వస్తుంది. ఒక్కో తెగ ఒక్కో జిల్లాలో ఒంటరిగా తిన్న దెబ్బలన్నీ ఒకే చట్టం నుంచి వచ్చాయన్న సంగతి ఆ నాటకాల్లో ఒక్క చోట కనబడింది. అంతర్ సాంస్కృతికం అన్న బరువైన మాటకు అర్థం ఉంటే అది ఇక్కడుంది, తలపాగాల ఫోటోలో కాదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం కూడా ఆ చట్టం పుట్టించిన ఊరే. చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశాక, ఎరుకలవాళ్లను ఒకచోట ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంట్ అది. హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత అక్కడ మార్పు కోసం ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో గుర్రం జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం గుర్తుండాల్సినవాళ్లు. కానీ రాష్ట్రంలో సగటు మనిషికి ఆ ఊరు ఎలా తెలుసు? సినిమా ద్వారా. 1991లో ఆ ఊరి పేరునే టైటిల్లో పెట్టుకుని సినిమాలు వచ్చాయి. 2023లో కూడా ఆ ఊరి దొంగను హీరోగా పెట్టి భారీ బడ్జెట్ సినిమా తీశారు. అక్కడ డాక్టర్లు, టీచర్లు, ఉద్యోగులు తయారయ్యారంటే మనకు కొత్త విషయంలా వినిపిస్తుంది. ఛారాలు బెంగాల్ కథను తమ నోటితో చెప్పారు, స్టువర్టుపురం వాళ్ల కథను మాత్రం హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ చెప్పింది.

సినిమా తీయకూడదని కాదు. దొంగ హీరో అయితే జనం చూస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఊరి పేరు వాడుకున్నవాళ్లు ఆ ఊరివాళ్లను స్క్రిప్టు దగ్గర కూర్చోబెట్టుకున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఆ ఊరి పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళ్లి ఊరి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు పడే టెన్షన్‌కు టికెట్ కలెక్షన్లలో వాటా ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చట్టం కింద అనుమానితులైనవాళ్లలో కళాకారులు తక్కువేం కాదు. విముక్త జాతుల జాబితాలో దొమ్మరివాళ్లున్నారు. గడ మీద విన్యాసాలు చేస్తూ ఊరూరా తిరగడమే వాళ్ల బతుకు. స్థిరమైన చిరునామా లేనివాడు నేరస్తుడన్న లెక్కలో కళ కూడా నేరంలో భాగమైపోయింది. ఇప్పుడు అలాంటి కుటుంబాలనే పిలిచి ‘మన అపురూప వారసత్వం’ అని శాలువా కప్పుతుంటే, మధ్యలో జరిగిన దాని గురించి ఎవరైనా ఒక మాట అంటారా అని చూస్తుంటాను. అనరు.

కళాకారుడికి జీతం ఇస్తే చాలదా అనేవాళ్లున్నారు. తెలంగాణ వచ్చాక ఉద్యమంలో ధూంధాం పాటలు పాడిన వందల మంది కళాకారులను సాంస్కృతిక సారథి పేరుతో ప్రభుత్వం ఉద్యోగాల్లోకి తీసుకుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. నెలనెలా జీతం అందుకోవడం కళాకారుల కుటుంబాలకు చిన్న విషయం కాదు. అది లొంగుబాటు అని రాసేవాళ్లలో చాలామందికి మాత్రం నెలనెలా జీతం వస్తూనే ఉంటుంది. అయితే నిన్న ప్రభుత్వాన్ని నిలదీసిన గొంతు ఇవాళ పథకాల ప్రచారం పాడాలి. కడుపు నిండింది కానీ పాటలో ఏముండాలన్నది ఇంకొకరు తేలుస్తారు. బుధన్ థియేటర్‌ది దీనికి పూర్తిగా తలకిందుల పరిస్థితి. మాట పూర్తిగా వాళ్లదే, వీధి నాటకంతో ఇల్లు మాత్రం గడవదు. ఈ రెండూ ఒకే చోట కుదిరిన ఏర్పాటు నాకు ఇంతవరకు కనబడలేదు.

నాటకం వల్ల పోలీసులు మారారా? 2018 జూలైలో ఒక రాత్రి పోలీసులు ఛారానగర్ మీద పడ్డారు. నాటుసారా కోసం వచ్చామన్నారు. ఇళ్లలోకి దూరి కొట్టారని బస్తీవాళ్లు చెప్పారు. దెబ్బలు తిన్నవాళ్లలో లాయర్లు, ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ కూడా ఉన్నారు. బుధన్ నాటకం మొదటిసారి ఆడి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇది చదివి, ఇన్నేళ్ల నాటకాలతో ఒరిగిందేమిటని ఎవరైనా అనొచ్చు. నేనైతే ఇంకోలా చూస్తాను. ఆ బస్తీ మీద పోలీసులు పడటం కొత్త కాదు. ఆ రాత్రి సంగతి బయటివాళ్లకు తెలియడం, దేశంలోని పత్రికలు రాయడం, బస్తీలోనే లాయర్లూ జర్నలిస్టులూ ఉండటం మాత్రం కొత్త. ఆ కొత్తదనంలో లైబ్రరీకీ నాటకానికీ వాటా ఉంది. ఎంత అంటే లెక్క తేల్చలేం. గ్రాంట్లిచ్చే సంస్థలకు అదే చిక్కు: వాళ్ల ఫారంలో ఎన్ని ప్రదర్శనలు, ఎంతమంది ప్రేక్షకులు అన్న గడులుంటాయి కానీ, రెయిడ్ జరిగిన మర్నాడు ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన కుర్రాళ్లు ఎంతమంది అన్న గడి ఉండదు.

నాటకం చట్టాన్ని మార్చలేదు, ఆ పని కోర్టులూ శాసనసభలూ చేయాలి. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రద్దయ్యాక దాని స్థానంలో హాబిచ్యువల్ అఫెండర్స్ (అలవాటుగా నేరాలు చేసేవాళ్లు) చట్టాలు వచ్చాయి. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని కొట్టేస్తూ, విముక్త జాతులను పుట్టు నేరస్తులుగా చూసే జైలు నిబంధనలను కూడా తప్పుపట్టింది. వాటిని సవరించాల్సింది రాష్ట్రాలు. మన రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు విముక్త జాతుల కోసం ఏదైనా చేయదలిస్తే, ఉత్సవం కంటే ముందు స్టువర్టుపురం లాంటి ఊళ్లకు వెళ్లి ఏం కావాలో అడగొచ్చు. అక్కడివాళ్లు లైబ్రరీ అడుగుతారో, కెమెరా అడుగుతారో, అసలు మీ ప్రాజెక్టే వద్దంటారో మనం ముందే అనుకోనక్కర్లేదు. వద్దంటే ఆ జవాబును కూడా రిపోర్టులో రాసే అధికారి కావాలి.