పది సెకన్ల ప్రాణభిక్ష

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2014 ఫిబ్రవరిలో ఒక మహత్తర ప్రతిపాదన పుట్టింది. మరీ త్వరగా ఆడిన జట్టుకు 5 గజాలు వెనక్కి నెట్టే శిక్ష. నేరం ఏమిటయ్యా అంటే, ఆట ఆలస్యం చేయడం. అచ్చుతప్పు కాదు. తొందరపడ్డవాడి మీద ఆలస్యం కేసు. కాలేజీ క్రీడలను ఏలే సంస్థ ఎన్‌సీఏఏ రూల్స్ కమిటీ పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని, ఎవరికీ పొలమారకుండా, దీన్ని పైకి పంపించారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ పిల్లల పుణ్యమా అని ఇదంతా వంటబట్టించుకున్నవాళ్లు ఈ పేరా దాటేయవచ్చు. బంతి కదిలింది మొదలు ఆగేదాకా సాగే ఒక్కో దఫాని ప్లే అంటారు. ఒక ప్లే ముగియగానే 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. అది సున్నాకి చేరేలోగా బంతి ఉన్న జట్టు, అంటే అఫెన్స్, తర్వాతి ప్లే మొదలుపెట్టాలి. పాతకాలం జట్లు ప్రతిసారీ గుంపుగా చేరి, తలలు దగ్గర పెట్టుకుని మంతనాలాడి, తీరిగ్గా వచ్చి నిలబడేవి. కొత్త రకం జట్లు ఆ మంతనాలు మానేశాయి. ప్లే అయిందా, మళ్లీ గీత మీద హాజరు. ఇక్కడే ఉంది కిటుకు. అఫెన్స్ తన ఆటగాణ్ణి మారిస్తే ఎదుటి జట్టుకీ, అంటే డిఫెన్స్‌కీ, మార్చుకునే వ్యవధి ఇవ్వాలి. అంపైర్ బంతి మీదకి వచ్చి అడ్డంగా నిలబడి మరీ ఇప్పిస్తాడు. అఫెన్స్ ఎవరినీ మార్చకపోతే మాత్రం ఎవరి కోసమూ ఎవరూ ఆగరు. 136 కిలోల డిఫెన్స్ భారీకాయుడు రొప్పుతున్నా రోజుతున్నా మైదానంలోనే బందీ.

ఈ బందీల కన్నీళ్లు తుడవడానికే కొత్త నిబంధన. 40లో మొదటి 10 సెకన్లు బంతి కదపకూడదు. ఆ పదిలో డిఫెన్స్ హాయిగా మనుషుల్ని మార్చుకుంటుంది. కారణం, ఆటగాళ్ల భద్రత. కాదనడానికి మనమెవరం? కాకపోతే ఒక చిన్న మినహాయింపు పెట్టారు. ఒక్కో అర్ధభాగంలో ఆఖరి 2 నిమిషాలకు ఈ నిబంధన వర్తించదు.

ఈ మినహాయింపులోని వైద్య పరిజ్ఞానాన్ని నేను ఇప్పటికీ తలుచుకుని దండం పెట్టుకుంటాను. అర్ధభాగం 30 నిమిషాలు. మొదటి 28 నిమిషాల్లో, ఒంట్లో ఇంకా సత్తువ ఉండగా, త్వరగా ఆడితే ప్రాణం మీదికొస్తుంది. 28 నిమిషాలు గుద్దుకుని గుద్దుకుని, నాలుక పిడచకట్టి, కాళ్లు తేలిపోతున్న సమయానికి మాత్రం ఊపిరితిత్తులు ఉక్కువైపోతాయి, పిక్కలు వజ్రాలైపోతాయి. అప్పుడు ఎంత వేగంగా ఆడినా ఢోకా లేదు. ఆఖరి 2 నిమిషాల్లో టీవీ ముందు జనం కుర్చీ అంచున కూర్చుంటారు కాబట్టి ఆ పుణ్యం ఆటగాళ్ల గుండెను కాపాడుతుంది కాబోలు. ఇంకో ముచ్చట కూడా కమిటీయే విన్నవించింది. వేగంగా ఆడే జట్లు కూడా ఆ మొదటి 10 సెకన్లలో బంతి అందుకోవడం అరుదేనట, పరిశోధనలో తేలిందట. అంటే దాదాపు ఎవరూ చేయని ఘోరాన్ని అత్యవసరంగా ఆపాలన్నమాట.

ఇక్కడ ఇంకొకటి కూడా అడగాలి. అఫెన్స్ వాళ్లకి ఊపిరితిత్తులు ఉండవా? అటువైపు వరసలోనూ అదే బరువు మనుషులు, అన్నే ప్లేలు, అదే పరుగు. వాళ్లు అలిసిపోతారన్న బెంగ కమిటీలో ఎవరికీ లేదు. దయ కూడా ఒక వైపే ప్రవహిస్తుంది.

అసలు మర్మం రూల్స్ క్యాలెండర్‌లో ఉంది. అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్ నిబంధనలు రెండేళ్లకోసారే మార్చేవారు. 2014 మార్చకూడని ఏడాది. ఆ ఏడాది ఏదైనా మార్చాలంటే ఒకే తలుపు తెరిచి ఉంది, ఆటగాళ్ల భద్రత. మరి ఎవరికైనా ఎదుటివాడి వేగానికి ముకుతాడు వెయ్యాలని మహా తొందరగా ఉంటే ఏం చేస్తారు? భద్రత అంటారు. ఏడాది ఆగి, తీరిగ్గా అడగొచ్చు కదా అంటారా? వేగాన్ని అసహ్యించుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో మాత్రం ఆగలేకపోయారు.

కమిటీ ముందు మాట్లాడిన కోచ్‌లలో ఒకరు అలబామా విశ్వవిద్యాలయ జట్టు అధిపతి నిక్ సాబన్ గారు. మేరునగధీరుడు. 2012, 2013 సీజన్లు రెండూ కలిపి ఆయన ఓడినవి మూడే మూడు ఆటలు. ఒకటి టెక్సస్ ఎ అండ్ ఎం చేతిలో 29-24. రెండోది ఆబర్న్ చేతిలో 34-28, గోల్ తప్పిన బంతిని ఆఖరి క్షణంలో మైదానమంతా పరిగెత్తించిన ఆ ఆట. మూడోది 2014 జనవరి 2న షుగర్ బౌల్‌లో ఓక్లహోమా చేతిలో 45-31. మూడు జట్లూ మంతనాలు మానేసి హడావిడిగా ఆడేవే. ఇంకేముంది, ఫిబ్రవరికల్లా ఆటగాళ్ల ఆరోగ్యం మీద బెంగ మొదలైంది. సౌత్ కరోలైనా కోచ్ స్టీవ్ స్పరియర్ మొహమాటం లేకుండా దీనికి సాబన్ రూల్ అని పేరు పెట్టేశాడు.

రెండో దయామయుడు ఆర్కన్సా కోచ్ బ్రెట్ బీలెమా. వేగం వల్ల ఆటగాళ్లకు ముప్పు అని 2013 వేసవిలోనే ఆయన అంటే, జోకనుకున్నాను అన్నాడు ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్. నేనేమీ హాస్యగాణ్ణి కాను అని బీలెమా బదులిచ్చాడు. ఆ సీజన్‌లో ఆర్కన్సా 3 గెలిచి 9 ఓడింది. కాన్ఫరెన్స్ అనే సొంత జట్ల కూటమిలో 8 ఆడి 8 ఓడింది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను అమెరికా వాళ్లకు ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోవాలి.

నిబంధన లేకపోతేనేం, డిఫెన్స్ వాళ్లు తమ భద్రత తామే చూసుకునే పద్ధతి ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఆ దృశ్యం చూడ్డానికి నేను టికెట్టు కొనమన్నా కొంటాను. వరసగా ఎనిమిదో ప్లే. డిఫెన్స్ రొప్పుతోంది. అవతల అఫెన్స్‌ను నడిపే క్వార్టర్‌బ్యాక్ అప్పటికే కేకలేస్తున్నాడు. సైడ్‌లైన్ నుంచి ఒక చెయ్యి పైకి లేచి మెల్లగా కిందికి దిగుతుంది. అంతే, డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్ అనే ఆటగాడు గారికి తనకొక పిక్క ఉందన్న సంగతి జ్ఞాపకం వస్తుంది. ఉన్నపళాన పడిపోడు. అటూ ఇటూ చూసి, అంపైర్ కంటపడే చోటు ఎంచుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, తర్వాత మోచెయ్యి ఆనించి, తల్లి ఒళ్లో ఒరిగినట్టు ఒరుగుతాడు. కుడికాలు పట్టుకుంటాడు. సైడ్‌లైన్‌లో ఎవరో ఏదో అంటారు, ఎడమకాలు పట్టుకుంటాడు. ఇంతలో వెనక కాపలా కాసే, సేఫ్టీ అని పిలిచే ఆటగాడికీ అదే సైగ కనబడి ఆయనా కూలతాడు. పడుకునే తల తిప్పి చూస్తే ముందొకాయన పడే ఉన్నాడు. ఒకరు చాలు కదా అన్నట్టు లేచి దులుపుకుంటాడు. విజిల్. వైద్యులు పరిగెత్తుకొస్తారు. ఈలోగా మిగతా పదిమందీ మంచినీళ్లు తాగి, కోచ్ చెప్పేది విని, ముగ్గురు బయటికెళ్లి ముగ్గురు తాజాగా లోపలికొస్తారు. క్షతగాత్రుడు ఇద్దరి భుజాల మీద చేతులేసి కుంటుతూ నిష్క్రమిస్తాడు. గాయపడ్డవాడు కనీసం ఒక ప్లే బయట కూర్చోవాలని నిబంధన. ఒకే ఒక్క ప్లే కూర్చుంటాడు. తర్వాత పందెం గుర్రంలా దౌడు తీస్తూ తిరిగొస్తాడు. 35 సెకన్లలో పిక్క నరం అతికించే వైద్యం ఒక్క ఆ సైడ్‌లైన్‌లోనే దొరుకుతుంది.

కల్పించి చెబుతున్నాననుకోకండి. 2011 సెప్టెంబరులో, వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, రామ్స్ వేగం తట్టుకోలేకపోతున్న న్యూయార్క్ జెయింట్స్ డిఫెన్స్‌లో ఇద్దరు ఒకే క్షణంలో కూలారు. ఆ వారమే లీగ్ అన్ని జట్లకూ హెచ్చరిక పంపింది. అంతకుముందు ఏడాది ఓరెగన్ మీద ఆడుతూ, దెబ్బ తగిలినట్టు నటించమని ఆటగాడికి చెప్పినందుకు కాలిఫోర్నియా జట్టు తన సహాయ కోచ్‌నే ఒక ఆట సస్పెండ్ చేసింది. మనవాళ్లకి ఇంత దూరం కూడా అక్కర్లేదు. 2024 టి20 ప్రపంచకప్‌లో వాన పడబోతుండగా అఫ్గాన్ కోచ్ నెమ్మది, నెమ్మది అని సైగ చేసిన వెంటనే స్లిప్‌లో గుల్బదీన్ నాయబ్ తొడ పట్టుకుని కుప్పకూలిన దృశ్యం మర్చిపోయినవాళ్లెవరు? కాసేపటికి లేచొచ్చి బౌలింగ్ చేసి వికెట్ కూడా తీశాడు మహానుభావుడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రావడం లేదు.

వేగం ప్రమాదకరమనడానికి ఆధారాలేవని విలేకరులు అడిగితే బీలెమా చెప్పిన జవాబు, మరణ ధ్రువపత్రాలు. 2014 ఫిబ్రవరి 7న బర్క్‌లీలో కాలిఫోర్నియా జట్టు కుర్రాడొకడు చనిపోయాడు. ఆయన వేలు చూపించింది ఆ చావు వైపే. ఆ కుర్రాడు ఎక్కడ చనిపోయాడు? ఆటలో కాదు. వేగంగా ఆడే ఏ ప్రత్యర్థి ముందూ కాదు. సీజనే కాని రోజుల్లో, సొంత జట్టు పెట్టిన కొండ పరుగు కసరత్తులో కూలిపోయాడు. అంపైర్ లేడు, ప్లే క్లాక్ లేదు, ఆపే హక్కున్నవాళ్లు సొంత సిబ్బందే. శవం మీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే, ఇంకేమీ కాదు. 2018లో మేరీలాండ్‌లో 19 ఏళ్ల పిల్లవాడు 110 గజాల పరుగులు తీస్తూ తీస్తూ వడదెబ్బకి పడిపోయి, రెండు వారాలకు ప్రాణం వదిలాడు. చన్నీళ్ల తొట్టిలో ముంచాల్సిన చికిత్స చెయ్యలేదని విశ్వవిద్యాలయం వేయించిన విచారణే తేల్చింది. ఆ పిల్లవాడికి పది సెకన్లు ఎవరిచ్చారు? ప్రాక్టీసులో పరుగు ఆపకపోతే కోచ్‌కి 5 గజాల శిక్ష వేసే కమిటీ ఎక్కడుంది? సాబన్ జీతం అప్పటికే ఏడాదికి 50 లక్షల డాలర్లు దాటింది. ఆటగాళ్లకు చదువు ఖర్చులు తప్ప, తమ పేరు మీద వచ్చే డబ్బు ముట్టుకునే హక్కు కూడా 2021 జూలై దాకా లేదు. ఆ పిల్లల భద్రత మీద నిజంగా అంత బెంగే ఉంటే ముందు తమ కసరత్తు మైదానాల గేట్లు తెరిచి చూపించమనండి. ఓడిపోయిన ఆటల స్కోరు బోర్డు దగ్గర నిలబడి ఏడవడం కాదు.

సరే, ప్రతిపాదన మార్చి 5న అటకెక్కింది. మర్నాడు జరగాల్సిన ఓటింగ్ దాకా కూడా రాలేదు. సాబన్ గారు దిగాలు పడ్డారా? శివశివా. జనవరిలోనే లేన్ కిఫిన్‌ను అఫెన్స్ కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆ ఏడాదే అలబామా తానే వేగం అందుకుంది. ఆబర్న్‌ను 55-44తో కొట్టింది. ఒక్క సాయంత్రం 99 పాయింట్లు.  ఇదేమీ ఆయన కనిపెట్టిన విద్య కాదు లెండి. ఎన్‌ఎఫ్‌ఎల్ 1988 సీజన్‌లో సిన్సినాటి బెంగాల్స్ మంతనాలు లేకుండా ఆడుతోందని గోల చేసిన బఫలో బిల్స్, ఆ ఆట ఓడి, రెండేళ్లు తిరిగేసరికి అదే విద్యను సొంతం చేసుకుని వరసగా నాలుగు సూపర్ బౌల్‌లకు, అంటే లీగ్ ఫైనళ్లకు, వెళ్లింది. నాలుగూ ఓడిందనుకోండి, అది వేరే దుఃఖం.

ఇక దొంగ పిక్కల సంగతి. 2025 నుంచి ఎన్‌సీఏఏ కొత్త నిబంధన తెచ్చింది. తర్వాతి ప్లే కోసం బంతిని నేల మీద పెట్టాక ఎవరైనా గాయమని పడుకుని వైద్యులు లోపలికొస్తే, ఆ జట్టు ఆట ఆపుకోవడానికి ఉన్న టైమవుట్లలో ఒకటి కోత. టైమవుట్లు మిగలకపోతే 5 గజాలు. మంచిదే. బంతి పెట్టకముందే పడితే మాత్రం ఖర్చేమీ లేదు. కాబట్టి ఇప్పుడు డిఫెన్స్ కోచ్‌లకి కొత్త పని పడింది. వెనకటిలా చోటు చూసుకుని, తీరిగ్గా ఒరిగితే కుదరదు. ప్లే అవుతూనే, అంపైర్ బంతి అందుకునేలోగా, మంతనాలు లేకుండా, చకచకా పడిపోవాలి.