పొదుపుకూ పెట్టుబడి కావాలి

ఫాల్గుణ మాసంలో కొత్త చింతపండు బజారుకు వచ్చే వేళకు మా వీధిలో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. కొన్ని ఇళ్ల ముందు ఆటో ఆగి పది పన్నెండు కిలోల చింతపండు దిగుతుంది, దాని వెనకే ఎండుమిరపకాయల బస్తా వస్తుంది. మూడు నాలుగు రోజుల పాటు అవి డాబా మీద పాత చీరల మీద ఎండుతాయి. ఆడవాళ్లు కూర్చుని గింజలూ ఈనెలూ తీసి, కల్లుప్పు చల్లి జాడీల్లో కూరుతారు. కందిపప్పుకు ఆముదం పట్టించి డబ్బాలకు ఎత్తుతారు. మిగతా ఇళ్లవాళ్లు అదే చింతపండును కిరాణా కొట్టులో వంద గ్రాములు, పావు కిలో చొప్పున ఏడాది పొడవునా కొంటారు, వానాకాలం దాటాక ఎక్కి కూర్చున్న ధరకు కూడా కొంటారు. సంవత్సరం తిరిగేసరికి ఎక్కువ డబ్బు చెల్లించింది ఈ రెండో రకం ఇళ్లవాళ్లే. వాళ్లకు పొదుపు తెలియదనుకుంటే పొరపాటు. ఫాల్గుణంలో ఒక్కసారిగా మూడు నాలుగు వేలు తీసే వెసులుబాటు వాళ్లకు లేదు, అంతే.

పొదుపు గురించి పత్రికల్లో, టీవీల్లో వచ్చే సలహాలు ఈ వెసులుబాటును లెక్కలోకి తీసుకోవు. బయట టీ మానండి, సినిమా తగ్గించండి, లైటు ఆర్పండి, జాబితా రాసుకుని బజారుకు వెళ్లండి అంటాయి. వీటిలో తప్పేమీ లేదు, కానీ నెలకు పదిహేను వేలతో నలుగురు బతికే ఇంట్లో ఇవన్నీ ఎవరూ చెప్పకముందే అమల్లో ఉంటాయి. ఆ ఇంట్లో కోయడానికి ఇక మిగిలిన ఖర్చు ఉండదు. నిజంగా తగ్గించగలిగిన ఖర్చులు చాలా వరకు ముందుగా కొంత డబ్బు పెడితేనే తగ్గుతాయి. అందుకే పొదుపును గుణంగా కొలిచే అలవాటు మానుకుని, దాన్ని ఒక చిన్న పెట్టుబడిగా చూడటం మంచిదని నా అభిప్రాయం.

సీలింగ్ ఫ్యాను ఉదాహరణ తీసుకుందాం. మన ఇళ్లలో తిరిగే పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్ల కరెంటు వాడుతుంది, బీఎల్‌డీసీ అనే, కరెంటు తక్కువ తీసుకునే కొత్త రకం మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూగా అదే గాలి ఇస్తుంది. రోజుకు 16 గంటలు తిరిగితే మొదటిది నెలకు 36 యూనిట్లు, రెండోది 14 యూనిట్లకు కాస్త పైన. అంటే ఒక్కో ఫ్యానుకు ఇరవై ఒకటిన్నర యూనిట్లు, మూడు ఫ్యాన్ల ఇంటికి దాదాపు 65 యూనిట్లు మిగులుతాయి. ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగ చార్జీల్లో 226 నుంచి 400 యూనిట్ల శ్లాబుకు యూనిట్ ధర 8 రూపాయల 75 పైసలు. వేసవిలో 300 యూనిట్లు కాల్చే ఇంట్లో తగ్గే ఆ 65 యూనిట్లూ ఈ శ్లాబులోవే కాబట్టి నెలకు 568 రూపాయలు మిగులుతాయి. గదిలోంచి బయటికి వస్తూ ఎల్‌ఈడీ బల్బు ఆర్పలేదని పిల్లల మీద కేకలు వేసే తండ్రి (ఆ పని నేనూ చేస్తాను) తొమ్మిది వాట్ల కోసం అరుస్తున్నాడు, నెత్తి మీద తిరుగుతున్న 75 వాట్ల జోలికి వెళ్లడు.

తెలంగాణలో ఈ లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 2024 మార్చి నుంచి సున్నా బిల్లులు వస్తున్నాయి. వాడకం 200 దాటిందంటే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి. 210 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున, పైన పది యూనిట్లు 7 రూపాయల 70 పైసల చొప్పున కలిపి 1,097 రూపాయలు అవుతుంది, ఇతర చార్జీలు అదనం. ఆ ఇంట్లో ఒక్క ఫ్యాను మార్చి ఉంటే వాడకం 190కి దిగి బిల్లు సున్నా అయ్యేది. సాధారణ ఫ్యాను పదిహేను వందలకు దొరికితే బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. అలాంటి మూడు వేసవి నెలల్లో దాని ధర వచ్చేస్తుంది. అయినా ఏప్రిల్‌లో ఫ్యాను కాలిపోతే ఆ ఇంటివాళ్లు చవక ఫ్యానే కొంటారు, లేదంటే మూడు వందలిచ్చి పాతదానికే వైండింగ్ చేయిస్తారు. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది అంతే.

చిన్న ప్యాకెట్ల విషయంలో మాత్రం ఈ వాదనను కొంచెం సవరించుకోవాలి. టోకున కొంటే ఎప్పుడూ చవకేనని మనం నమ్ముతాం, కానీ షాంపూ దగ్గర లెక్క తిరగబడుతుంది. చాలా బ్రాండ్లలో రూపాయి, రెండు రూపాయల సాచెట్లలోనే మిల్లీలీటరు ధర సీసా కంటే తక్కువ. ఐదు, పది రూపాయల బిస్కెట్, చిప్స్ ప్యాకెట్ల కథ వేరు. ధర కదలదు, లోపలి గ్రాములు తగ్గుతాయి. ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో చెప్పే యూనిట్ ధర ముద్రించాలన్న నిబంధన ఇందుకే వచ్చింది. గరిష్ఠ చిల్లర ధర పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ఆ అంకెను చదివే కొనుగోలుదారు మాత్రం అరుదు.

ఒక్కసారిగా పెట్టే డబ్బు లేనివాళ్లు దాన్ని ఎలా సమకూర్చుకుంటారన్న ప్రశ్నకు తెలుగు నేల మీద చాలా కాలంగా ఒక జవాబు ఉంది, అదే చీటీ. ఇరవై మంది నెలకు ఐదు వేల చొప్పున లక్ష రూపాయల చీటీ వేశారనుకుందాం. డబ్బు అవసరమైన సభ్యుడు ఆ నెల వేలంపాటలో లక్షకు బదులు 75 వేలకే ఒప్పుకుంటే, మిగిలిన 25 వేలలో నిర్వాహకుడి కమీషన్ ఐదు వేలు పోగా 20 వేలు అందరికీ వెయ్యి చొప్పున పంచుతారు. ఆ నెల ఒక్కొక్కరూ నాలుగు వేలే కడతారు. అంటే తొందర ఉన్నవాడు తొందర లేనివాళ్లకు వడ్డీ చెల్లిస్తున్నాడు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ఐదు శాతం దగ్గర ఆపిన కమీషన్‌ను 2021 సవరణ ఏడు శాతానికి పెంచింది. రిజిస్టరైన చీటీలకు ఈ చట్టం అండగా ఉంటుంది. అపార్టుమెంట్ కింది అంతస్తులోనో ఆఫీసు క్యాంటీన్‌లోనో నోటిమాట మీద నడిచే చీటీలకు నిర్వాహకుడి మంచితనం ఒక్కటే పూచీ. మా బంధువుల్లో ఒకావిడ కూతురి పెళ్లికని పద్దెనిమిది నెలలు అలాంటి చీటీ కట్టారు. పందొమ్మిదో నెలలో చీటీ నడిపినావిడ ఇంటికి తాళం కనిపించింది. ఖర్చులో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి డబ్బు దాచే చోటు విషయంలో మొహమాటపడ్డారు.

ఇంకో జవాబు నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గెలిచాక, సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలైంది. రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి సంఘాలు ఆ జిల్లా ఊళ్లలో వెలిసి, తర్వాత డ్వాక్రా పేరుతో ఇంటింటి మాటయ్యాయి. ఈ కథను సాధారణంగా పొదుపు మహిమగా చెబుతారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది రోజుకు దాచిన ఆ రూపాయి కంటే, సంఘంలో పోగైన మొత్తం నుంచి ఒక సభ్యురాలు వంతు వచ్చినప్పుడు రెండు మూడు వేలు ఒక్కసారిగా తీసుకోగలగడం. ఆ డబ్బుతో ఆమె గేదెను కొన్నా, వడ్డీ వ్యాపారి బాకీ తీర్చినా, ఆ తర్వాతి నెల నుంచి ఇంటి లెక్క మారుతుంది.

పోపుల డబ్బా పొదుపు గురించి కూడా చెప్పుకోవాలి. ఇంటి ఖర్చుకిచ్చిన డబ్బులోంచి పది, ఇరవై మిగిల్చి, జీలకర్ర గిన్నె కిందో బియ్యం డబ్బా అడుగునో దాచిన నోట్ల గుట్టు 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దుతో బయటపడింది. ఎన్నో ఇళ్లలో భర్తలు నవ్వుతూ ఆశ్చర్యపోయారు, కొన్నిచోట్ల ఆ డబ్బు భర్త ఖాతాలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాబా మీద చింతపండు గింజలు తీసేదీ, కూరల్లో రూపాయి తగ్గించమని బేరమాడేదీ, చిరిగిన చీరను బొంతగా కుట్టేదీ ఆడవాళ్లే. ఆ శ్రమకు విలువ కట్టకుండా ఇల్లు పొదుపుగా నడుస్తోందని చెప్పుకోవడం దొంగ లెక్క.

పైన చెప్పిన దారులేవీ అందనివాళ్లు అప్పులోకి వెళ్తారు. రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో జీడీపీలో ఐదు శాతం చిల్లరకు, కొన్ని దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత దిగువకు చేరింది. నికరం అంటే అప్పులు తీసేయగా మిగిలింది. ప్రజలు దాచుకోవడం మానేశారని ఈ అంకెకు అర్థం చెప్పేవారున్నారు. దాచుకున్నదాని పక్కనే అప్పులు వేగంగా పెరిగాయన్నది సరైన అర్థం. ఫోనులో రెండు నిమిషాల్లో దొరికే వాయిదా పద్ధతి ఒక విధంగా తిరగేసిన చీటీయే. సరుకు ముందు వస్తుంది, పొదుపు తర్వాత వడ్డీతో సహా జరుగుతుంది.

వాయిదాను కూడా పొదుపు వైపు తిప్పవచ్చని ప్రభుత్వం ఒకసారి చేసి చూపించింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బుకు పది రూపాయలు ముందు కట్టి, మిగతాది కరెంటు బిల్లుతో పాటు నెలకు పది రూపాయల చొప్పున చెల్లించే వీలు కల్పించారు. కోట్ల బల్బులను ఒకే చోట టెండరు పిలిచి కొనడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. బల్బుకు చేసిన పనిని అంత పెద్ద ఎత్తున ఫ్యానుకు ఎందుకు చేయరన్నది విద్యుత్ పంపిణీ సంస్థలను అడగాల్సిన ప్రశ్న. మూడు వేల ఫ్యానును బిల్లులో నెలకు 125 రూపాయల చొప్పున 24 వాయిదాల్లో వసూలు చేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఆరు రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి ఆ ఫ్యాను మిగిల్చే 21 యూనిట్ల విలువే ఆ వాయిదాకు సరిపోతుంది. నాలుగున్నర రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి నెలకు 94 రూపాయలే మిగులుతాయి కాబట్టి వాయిదాలను 32 నెలలకు సాగదీయాలి, లేదా టోకు కొనుగోలుతో ఫ్యాను ధరే తగ్గించాలి.