లిఫ్టు ఫోనుకి నెట్‌వర్క్ ఎందుకండీ?

భీమవరంలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చేసిన తీర్మానం యావద్దేశానికీ ఆదర్శం కావాలని నా కోరిక. లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోను మార్చనక్కర్లేదని పెద్దలు ఏకగ్రీవంగా తేల్చేశారు.

అది 2జీ సిమ్ మీద నడిచే డబ్బా. మూడో ఫ్లోర్ మాస్టారి అబ్బాయి మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్‌లో మొత్తుకున్నాడు. అక్కడి ఫోన్ కంపెనీలు టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరులో 3జీ ఆపేశాయట. మన దగ్గరా 2జీ ఎల్లకాలం ఉండిపోదు, 4జీది పెట్టించండి అన్నాడు. అది కూడా వోల్టీ, అంటే 4జీ మీదే మాటలు నడిపే సదుపాయం, ఉన్నదే కావాలట. లేకపోతే డబ్బా మీద 4జీ అని రాసున్నా, మాట్లాడాల్సి వచ్చేసరికి మళ్లీ 2జీకే దిగిపోతుందట.

ట్రెజరర్ గారు చలించలేదు. "ఆపినప్పుడు చూద్దాం లెండి. ఇప్పుడు ఉందిగా?"

ఉందా అని ఎవరో అడిగారు. అక్కడే మీటింగ్ కాస్త ఇబ్బందిలో పడింది. ఆ సిమ్ ఎవరి పేరున ఉందో ఎవరికీ తెలీదు. బిల్డర్ పేరున అని కొందరు, పాత సెక్రటరీ పేరున అని కొందరు. రీచార్జి అయిపోయిందన్న మెసేజ్ కూడా ఆ సిమ్‌కే వస్తుంది. ఆ సిమ్ లిఫ్టు గోడలో ఉంది.

యూరప్ ప్రమాణాల ప్రకారం లిఫ్టు ఫోను కనీసం 3 రోజులకోసారి తనంతట తానే టెస్ట్ కాల్ చేసుకోవాలి. మా దగ్గర ఆ బాధ్యత సంక్రాంతికి వచ్చే మనవలది. పసుపు బటన్ మీద గంట బొమ్మ చెరిగిపోయేలా నొక్కుతారు పాపం. అవతల ఎవరూ ఎత్తరు, అందుకే వాళ్లకి అంత సరదా. కరెంటు పోయినా గంటసేపైనా ఫోను పనిచేసేలా బ్యాటరీ ఉండాలని కూడా ఆ ప్రమాణాల్లోనే ఉంది. మా బ్యాటరీ ఉబ్బిపోయి మూతని బయటకి తోస్తోంది.

అయినా మన గోదారోళ్ల గొంతుకి టవర్ ఎందుకు? లోపలి నుంచి ఒక్క కేక వేస్తే ఐదు ఫ్లోర్లకీ అందుతుంది, రీచార్జి అక్కర్లేదు, ఎన్ని 'జీ'లు వచ్చి పోయినా ఢోకా లేదు. "ఆయ్, వాచ్‌మన్ కాలవ గట్టు మీద టీకి వెళ్లినప్పుడో?" అని రెండో ఫ్లోర్ మామ్మగారు అడిగారు. ఆవిడ మోకాళ్ల నొప్పుల మనిషి, మెట్లు ఎక్కలేరు.

ఆ అభ్యంతరాన్నీ కమిటీ తేలిగ్గా తీసుకోలేదు. వినాయక చవితి లైటింగ్‌కి రెండు నిమిషాల్లో డబ్బులు మంజూరు చేసి, మిగతా గంటా దాని మీదే చర్చించి సవరణ తెచ్చింది: కరెంటు పోబోయే ముందు లిఫ్టు ఎక్కేవాళ్లు వాచ్‌మన్‌కి చెప్పి ఎక్కవలెను.